డబ్బీలో ఉమ్మి కాదు, బల్గం ఉండాలి

మన ఇళ్లల్లో ఖాంసీకి ఇలాజ్ తెలియనివాళ్లు ఎవరూ ఉండరు. నానీని అడిగితే జోషాందా కాచుకొని తాగమంటుంది. అమ్మీ అద్రక్ రసంలో షహద్ కలిపి నాకిస్తుంది. మామూ అయితే "మెడికల్ షాపు భాయ్‌కి చెప్పండి, మూడు రోజుల కోర్సు ఇస్తాడు" అంటాడు. వీటికి తగ్గకపోతే డాక్టర్ సాబ్ దగ్గరికి పోతాం. ఆయన మూడు రోజుల కోర్సు తీసేసి ఐదు రోజుల కోర్సు రాస్తాడు. ఇంతమంది ఇన్ని సలహాలిచ్చే ఇంట్లో ఒక్క సవాల్ మాత్రం ఎవరి నోటా రాదు: అసలు లోపల కూర్చున్న జరాసీం ఏది?

అన్ని దగ్గులకూ ఈ సవాల్ అడగనవసరం లేదు. సర్దీ, ముక్కు కారడం, గొంతు గరగర, రెండు రోజుల బుఖార్ లాంటివి ఎక్కువగా వైరస్ వల్ల వస్తాయి. వారం పది రోజుల్లో వాటంతటవే పోతాయి. వాటికి టెస్టూ అక్కర్లేదు, యాంటీబయాటిక్ అసలే అక్కర్లేదు. నానీ జోషాందా చాలు. కానీ దగ్గు రెండు వారాలు దాటినా, బుఖార్ విడవకపోయినా, రాత్రిళ్లు చెమటలు పట్టి దుప్పటి తడిసినా, మనిషి సన్నబడుతున్నా, తెమడలో రక్తపు చార కనిపించినా అందాజాతో నడిచే ఇలాజ్ అక్కడితో ఆపెయ్యాలి. అక్కడ ల్యాబ్ చెప్పే గవాహీ కావాలి.

ఆ గవాహీకి పెద్ద ఖర్చేమీ లేదు. సర్కారీ దవాఖానాలో మూతున్న ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీ చేతికిస్తారు. అందులో బల్గం ఇవ్వాలి. తెలంగాణలో తెమడ పరీక్ష అంటారు, ఆంధ్రలో కళ్లె పరీక్ష అంటారు. పైసా ఖర్చు లేని ఈ టెస్టే మన ఇళ్లల్లో అన్నింటికంటే ఖరాబుగా జరుగుతోంది. ముఖ్యంగా మన ఆడవాళ్ల విషయంలో. వాళ్ల డబ్బీలో బల్గం బదులు ఉమ్మి పోతోంది. ఉమ్మిని చూసి ల్యాబ్ "ఏమీ లేదు" అంటుంది. మనం షుకర్ చెప్పుకొని ఇంటికొస్తాం. బీమారీ కూడా మనతోపాటే ఇంటికొస్తుంది.

ల్యాబ్ ముందు ఏం చూస్తుంది

శ్వాస నాళం అంటే ముక్కు దగ్గర మొదలై ఊపిరితిత్తుల అడుగుదాకా పోయే ఒక పొడుగాటి గలీ. ఏ జరాసీం ఆ గలీలో ఏ ఇంట్లో కాపురముంటుందో ఆ ఇంటి తలుపే తట్టాలి. ఫ్లూ, కోవిడ్ లాంటి వైరస్‌లకు ముక్కు లోపలినుంచీ గొంతు వెనకనుంచీ పుల్లతో స్వాబ్ తీస్తారు. గొంతు రోగాలకు గొంతు స్వాబ్. నిమోనియాకూ టీబీకీ ఊపిరితిత్తుల లోతునుంచి వచ్చిన బల్గం. నోట్లో ఊరే ఉమ్మి ఈ బల్గానికి బదులు కాదు.

నిమోనియా అనుమానంతో బల్గం ల్యాబ్‌కు పోతే అక్కడి టెక్నీషియన్ మొదట జరాసీం వెతకడు. ఆ సరుకు అసలుదా కాదా అని చూస్తాడు. గాజు పలక మీద పలచగా పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెడతాడు. నోటి లోపలి పొర నుంచి రాలిన చదునైన పెద్ద కణాలు ఒకవైపు, లోపల రోగంతో పోరాడి వచ్చిన చీము కణాలు ఇంకోవైపు లెక్కపెడతాడు. తక్కువ పవర్ లెన్సులో కనపడినంత మేర చీము కణాలు 25కు మించి, చదును కణాలు 10కి లోపు ఉంటే అది ఛాతీనుంచి వచ్చిన అసలు బల్గం. చదును కణాలే గుంపుగా ఉంటే అది ఉమ్మి. మంచి ల్యాబ్ దాన్ని కల్చర్‌కు పెట్టదు, "మళ్లీ పంపండి" అంటుంది. ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ల నోట్లో కూడా కోట్ల జరాసీం ఉంటాయి. ఉమ్మిని కల్చర్‌కు పెడితే పెరిగేవి అవే. వాటి పేరు చూసి మందు రాస్తే దొంగను వదిలేసి చౌకీదారును పట్టుకున్నట్టే.

టీబీ టెస్టులో సంగతి వేరు. రోగి మంచి బల్గం ఇవ్వలేకపోతే ఉన్నదాన్నే పరీక్షించి రిపోర్టు ఇచ్చేస్తారు. మన ముసీబత్ సరిగ్గా అక్కడే ఉంది.

టీబీని మన పెద్దలు తపేదిక్ అనేవారు. దాని జరాసీంను జర్మనీ డాక్టరు రాబర్ట్ కోఖ్ కనిపెట్టి, 1882 మార్చి 24న బెర్లిన్‌లో లోకానికి చెప్పాడు. ఏటా మార్చి 24ను టీబీ దినంగా జరుపుకునేది అందుకే. ఆ తర్వాత జీల్, నీల్సన్ అనే ఇద్దరి పేర్ల మీద ఒక రంగుల పద్ధతి వచ్చింది. గాజు పలక మీద ఎర్ర రంగు పోసి వేడిచేస్తారు, యాసిడ్‌తో కడుగుతారు, పైనుంచి నీలం రంగు వేస్తారు. మిగతా జరాసీం యాసిడ్‌కు ఎర్ర రంగు వదిలేస్తాయి. టీబీ జరాసీం చుట్టూ మైనం లాంటి పొర ఉంటుంది కాబట్టి అది వదలదు. నీలం నేల మీద సన్నటి ఎర్ర పుల్లల్లా కనిపిస్తుంది. నూరేళ్లు దాటినా ఈ పద్ధతి ఇంకా నడుస్తూనే ఉంది. దీనికి ఒకటే కమీ. ఒక మిల్లీలీటరు బల్గంలో కనీసం ఐదు వేల నుంచి పది వేల జరాసీం ఉంటేగానీ కంటికి దొరకవు.

ఇప్పుడు వచ్చిన మెషీన్లు జరాసీం జీన్‌నే పట్టుకుంటాయి. సీబీనాట్ అనేది రెండు గంటల్లో జవాబిస్తుంది. మిల్లీలీటరుకు వంద, నూట యాభై జరాసీం ఉన్నా కనిపెడుతుంది. రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకు ఆ జరాసీం లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. గోవాలోని మోల్‌బయో కంపెనీ తయారుచేసిన ట్రూనాట్ బ్యాటరీతో నడిచే చిన్న మెషీను. ఏసీ గది లేని దవాఖానాలో కూడా పనిచేస్తుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఒప్పుకుంది. ఇక కల్చర్ అంటే జరాసీంను పెంచి చూడడం. మామూలు జరాసీం అరగంట లోపలే రెండింతలవుతాయి. టీబీ జరాసీంకు అదే పనికి పదిహేను, ఇరవై గంటలు పడుతుంది. కాబట్టి కల్చర్ రిపోర్టుకు ఆరు నుంచి ఎనిమిది వారాలు సబర్ చేయాలి. మిల్లీలీటరుకు పది, వంద జరాసీం ఉన్నా పట్టేది మాత్రం అదే.

మెషీను ఎంత గొప్పదైనా డబ్బీలో వేసినదాన్నే చూస్తుంది. ఊపిరితిత్తుల్లో ఉన్నదాన్ని ఉమ్మిలో వెతకమంటే ఎక్కడినుంచి తెస్తుంది?

హయా పేరుతో పోతున్నది

రావల్పిండిలోని ఒక టీబీ సెంటర్లో జరిగిన పరిశోధన 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. టీబీ అనుమానంతో వచ్చిన సుమారు మూడు వేలమంది మగవాళ్లనూ ఆడవాళ్లనూ చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు ఎప్పటిలాగే డబ్బీ ఇచ్చి పంపారు. ఇంకో గుంపుకు డబ్బీతోపాటు బల్గం ఎలా తియ్యాలో, ఉమ్మికీ బల్గానికీ తేడా ఏమిటో కూర్చోబెట్టి చెప్పారు. కొత్త మెషీను లేదు, కొత్త మందు లేదు. చెప్పడం ఒక్కటే తేడా.

మగవాళ్లలో ఈ చెప్పడం వల్ల పెద్ద ఫరఖ్ రాలేదు. ఆడవాళ్లలో వచ్చింది. చెప్పని గుంపులో వందమంది ఆడవాళ్లకు 8 మందిలో టీబీ బయటపడితే, చెప్పిన గుంపులో 13 మందిలో బయటపడింది. ఉమ్మి తెచ్చేవాళ్లు తగ్గారు. తెల్లవారి బల్గంతో తిరిగొచ్చిన ఆడవాళ్లు పెరిగారు. అంటే ఎవరూ ఏమీ చెప్పకుండా డబ్బీ చేతిలో పెట్టి పంపితే, వందలో అయిదుగురు ఆడవాళ్లు బీమారీ ఉండి కూడా "ఏమీ లేదు" అనిపించుకొని ఇంటికి పోతారు.

ఆ ఊరు సరిహద్దుకు అవతల ఉండొచ్చు. ఆ డబ్బీ పట్టుకున్న ఖాలాలు, ఫుప్పూలు మాత్రం మన ఇంట్లోవాళ్ల లాంటివాళ్లే. పదిమంది మగవాళ్లు నిలబడ్డ వరండాలో నిఖాబ్ పైకెత్తి గట్టిగా ఖాకరించి ఉమ్మమంటే ఏ ఆడమనిషి ఉమ్ముతుంది? చిన్నప్పటినుంచీ మనమే కదా నేర్పాం, ఆడపిల్ల గట్టిగా దగ్గకూడదు, గట్టిగా నవ్వకూడదు, ఉమ్మడం బద్తమీజీ అని. ఆమె పక్కకు తిరిగి, నోట్లో ఉన్న కాస్త ఉమ్మిని మెల్లగా డబ్బీలో వేసి, మూత పెట్టి ఇచ్చేస్తుంది. తీసుకునేవాడు చూడడు. చూసినా "మళ్లీ ఇవ్వమ్మా" అని చెప్పే తీరిక అతనికి ఉండదు.

మా రిష్తేదార్లలో ఒక భాబీకి ఇదే జరిగింది. రెండు నెలల దగ్గు. ఊరి క్లినిక్‌లో వరసగా మూడు రకాల యాంటీబయాటిక్‌లు వాడారు. ఒకసారి బల్గం టెస్టు కూడా చేయించారు, "నెగెటివ్" అని వచ్చింది. ఇంటిల్లిపాదీ అల్హందులిల్లాహ్ అనుకున్నారు. ఆ రిపోర్టులోనే పై వరసలో, శాంపిల్ ఎలా ఉందో రాసేచోట, "సెలైవా" అని టైపు చేసి ఉంది. సెలైవా అంటే ఉమ్మి. ఆ ఒక్క మాట ఆమె షౌహర్ చదవలేదు, సాస్ చదవలేదు, డాక్టరూ చదవలేదు. ఇంకో మూడు నెలలకు దగ్గులో రక్తం పడితే పెద్ద దవాఖానాకు తీసుకుపోయారు. అక్కడ ఒక నర్సమ్మ పక్క గదిలోకి తీసుకుపోయి, ఎలా దగ్గాలో చూపించి, బల్గం తీయించింది. సాయంత్రానికల్లా టీబీ అని తేలింది. భాబీ ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ ఐదు నెలలూ ఆమె వంట చేసింది, పిల్లల్ని పక్కలో వేసుకొని పడుకుంది.

హయా మన ఈమాన్‌లో భాగం, నిజమే. మనిషి ఊపిరి తీసుకునే హక్కును అడ్డుకొనేది మాత్రం హయా కాదు. ఇలాజ్ కోసం చేసే పనికి సిగ్గుపడమని దీన్ ఎక్కడా చెప్పలేదు. రోగం వస్తే మందు వెతకమనే చెప్పింది.

డబ్బీ చేతికొచ్చినప్పుడు

ఈ ముక్క ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. అమ్మీకి, దాదీకి, ఇంటికొచ్చిన కొత్త దుల్హన్‌కు కూడా.

టీబీ టెస్టుకు మామూలుగా రెండు శాంపిళ్లు అడుగుతారు. ఒకటి అక్కడికక్కడే ఇచ్చేది, ఇంకోటి తెల్లవారి ఇంటినుంచి తెచ్చేది. తెల్లవారిదే మేలైనది. రాత్రంతా పడుకున్నప్పుడు ఛాతీలో చేరిన బల్గం లేవగానే చిక్కగా వస్తుంది. ఏమీ తినకముందే ఇవ్వాలి. వజూలో చేసినట్టే మామూలు నీళ్లతో బాగా కుల్లీ చేసి నోరు శుభ్రం చేసుకోవాలి. పేస్టు, మంజన్ తర్వాత. కట్టుడు పళ్లుంటే తీసెయ్యాలి. గాలి ఆడే చోటికి, మిద్దె మీదికో పెరట్లోకో, ఒంటరిగా పోవాలి. తలుపు మూసిన బాత్రూంలో వద్దు. అక్కడి గాలిలో జరాసీం నిలిచిపోయి తర్వాత వచ్చేవాళ్లకు అంటొచ్చు.

రెండు మూడుసార్లు గుండెనిండా గాలి పీల్చి, కాసేపు ఆపి వదలాలి. మళ్లీ పీల్చి, గొంతుతో కాకుండా పొట్ట బిగించి ఛాతీ లోతునుంచి దగ్గాలి. పైకి వచ్చినదాన్ని డబ్బీ నోటి దగ్గర పెట్టుకొని అందులో వెయ్యాలి. ఒక చిన్న చెంచాడు ఉండాలి. చిక్కగా, జిగటగా, తెల్లగానో పసుపుగానో ఉంటే అది బల్గం. నీళ్లలా పలచగా, నురగగా ఉంటే అది ఉమ్మి. ఉమ్మి అయితే మళ్లీ ప్రయత్నించాలి. మూత గట్టిగా బిగించాలి. పేరు మూత మీద కాకుండా డబ్బీ మీద రాయించాలి, మూతలు మారిపోతుంటాయి. ఎండ తగలకుండా ఆ రోజే అందజెయ్యాలి.

ఎంత దగ్గినా బల్గం రాకపోతే ఉమ్మితో నింపి ఇవ్వకండి. "రావడం లేదు" అని చెప్పండి. ఉప్పునీటి ఆవిరి పట్టించి తెప్పించే తరీఖా పెద్ద దవాఖానాల్లో ఉంది. చిన్నపిల్లలు బల్గాన్ని ఉమ్మలేరు, మింగేస్తారు. అందుకే వాళ్లకు తెల్లవారి ఖాళీ కడుపునుంచి సన్నటి గొట్టంతో తీసి పరీక్షిస్తారు. డాక్టరు అడిగితే భయపడకండి.

రంజాన్‌లో ఎలా అని అడిగేవాళ్లుంటారు. సహ్రీకి లేచిన వేళకు మించిన మంచి వేళ లేదు. లేవగానే, తినకముందే, కుల్లీ చేసి శాంపిల్ తీసి పెట్టుకోండి. ముక్కు స్వాబ్ గురించి, రోజాలో మందుల గురించి సందేహముంటే మీ ఆలిమ్ సాబ్‌నూ డాక్టర్‌నూ ఇద్దరినీ అడగండి. బీమార్‌కు అల్లాహ్ ఇచ్చిన రుఖ్సత్ ఉంది. దాన్ని తీసుకోవడం గునాహ్ కాదు.

రిపోర్టు వచ్చాక "నెగెటివ్" అన్న ఒక్క మాట చూసి మడిచిపెట్టకండి. శాంపిల్ ఎలా ఉందని రాశారో చదవండి. ఉమ్మి అని ఉంటే ఆ నెగెటివ్‌కు విలువ లేదు. మళ్లీ ఇవ్వండి.

రక్తం, ఎక్స్‌రే, అందాజా మందు

బల్గం ఇవ్వడం ఇబ్బందిగా ఉండి చాలామంది రక్తం టెస్టు అడుగుతారు. చెయ్యి చాపితే పని అయిపోతుంది, పర్దాకూ ఇబ్బంది లేదు. కానీ రక్తంలో తెల్ల కణాలు పెరిగాయనో, ఈఎస్‌ఆర్ ఎక్కువుందనో చూసి టీబీ అని చెప్పడానికి లేదు. ఎక్కడో నిప్పు రాజుకుందని చెప్తాయి, ఎవరు పెట్టారో చెప్పలేవు. ఒకప్పుడు రక్తంలో యాంటీబాడీలు చూసి టీబీ చెప్పే కిట్లు ప్రైవేటు ల్యాబుల్లో తెగ నడిచేవి. లేని రోగం ఉందనీ, ఉన్న రోగం లేదనీ చెప్పేవి. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వాడొద్దంది. 2012లో మన కేంద్ర సర్కారు వాటిని నిషేధించింది. చేతి మీద సూది వేసి చూసే మాంటూ టెస్టు, దానికి బదులు రక్తంతో చేసే కొత్త టెస్టు కూడా జరాసీం ఎప్పుడో ఒంట్లో దూరిందని మాత్రమే చెప్తాయి. ఇప్పుడు రోగం ఉందని చెప్పవు.

ఎక్స్‌రే మంచిదే, తప్పక తీయించుకోవాలి. అయితే అది తలుపు పరదా మీద పడ్డ నీడ లాంటిది. ఎవరో నిలబడ్డారని తెలుస్తుంది, పేరు తెలియదు. నిమోనియా నీడా, టీబీ నీడా, ఒక్కోసారి క్యాన్సర్ నీడా ఒకేలా పడతాయి. ఆ పేరు చెప్పేది బల్గమే.

ఇంకో ఖతర్నాక్ అలవాటు ఉంది. రెండు వారాలు దాటిన దగ్గుకు లీవోఫ్లాక్సాసిన్ లాంటి మందు వాడి చూడడం. అది మామూలు జరాసీం మీద పనిచేస్తుంది, టీబీ జరాసీం మీద కూడా కొంత పనిచేస్తుంది. అందుకే నాలుగు రోజులు దగ్గు తగ్గినట్టుంటుంది. బల్గంలో జరాసీం తగ్గి టెస్టుకు దొరక్కుండా పోతాయి. మందు ఆపాక బీమారీ మళ్లీ తలెత్తుతుంది, ఈసారి ఆ మందు రుచి తెలిసి తలెత్తుతుంది. నిమోనియా కల్చర్‌కు కూడా ఇదే మాట. యాంటీబయాటిక్ మొదటి గోలీ వేసుకోకముందే శాంపిల్ ఇస్తే జరాసీం దొరుకుతుంది. నాలుగు రోజులు వేసుకొని పోతే ఖాళీ ప్లేటు దొరుకుతుంది.

2014 మార్చి నుంచి టీబీ మందులూ, కొన్ని పెద్ద యాంటీబయాటిక్‌లూ హెచ్-1 అనే జాబితాలో ఉన్నాయి. చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఇచ్చినప్పుడు రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. మన మొహల్లా షాపుల్లో ఆ రిజిస్టరు ఎంతమంది చూశారు? షాపు భాయ్‌ను మాత్రమే అనడం అన్యాయం. అడిగేది మనమే.

రిపోర్టు కోసం ఆగకూడని చోట

ల్యాబ్ గురించి ఇంత చెప్పాక ఉల్టా మాట కూడా చెప్పాలి. కొన్నిసార్లు రిపోర్టు కోసం కూర్చుంటే ప్రాణం పోతుంది.

పిల్లలకు వచ్చే ఖునాఖ్, అంటే డిఫ్తీరియా, అలాంటిది. గొంతులో బూడిద రంగు పొర కడుతుంది, మెడ ఉబ్బుతుంది. పొర అంచునుంచి స్వాబ్ తీసి రంగు వేసి చూస్తారు, కల్చర్ పెడతారు, ఆ జరాసీం విషం చిమ్ముతుందా అని ఇంకో టెస్టు చేస్తారు. అది తేలేసరికి రోజులు పడుతుంది. అందుకే డాక్టర్లు రిపోర్టు రాకముందే విషానికి విరుగుడు సూది వేస్తారు. హైదరాబాద్‌లో నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ను మనవాళ్లు కోరంటి దవాఖానా అంటారు. అక్కడికి ఖునాఖ్ పిల్లలు ఇంకా వస్తూనే ఉన్నారు. మూడు సూదులు వేయించి, ఒకటిన్నర ఏటా, ఐదో ఏటా, పదో ఏటా, పదహారో ఏటా వేయించాల్సినవి మర్చిపోయిన ఇళ్లు మనలో తక్కువేం కాదు.

ఊపిరి వేగం కూడా అంతే. రెండు నెలల లోపు పసిబిడ్డ నిమిషానికి 60సార్లు, ఏడాది లోపు బిడ్డ 50సార్లు, ఐదేళ్ల లోపు పిల్లలు 40సార్లు, లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే, డొక్క లోపలికి పోతుంటే అదే రిపోర్టు. వెంటనే దవాఖానాకు ఎత్తుకుపోవాలి.

ఈ ఖౌఫ్ ఎక్కడిది

"ఇదంతా తెలుసు, కానీ టెస్టులో ఏదైనా బయటపడితే?" అసలు భయం ఇదే.

ఈ భయానికి కారణాలు లేవని నేను అనను. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో దిల్లీ మర్కజ్ పేరుతో టీవీల్లో రోగానికి మజహబ్ అంటగట్టిన తీరు మనం మర్చిపోలేదు. ముక్కులో పుల్ల పెట్టించుకోవడం అంటే ముజ్రిమ్‌గా నిలబడడమే అన్నట్టు చేశారు. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ వాళ్లను బలిపశువుల్ని చేశారని చెప్పింది. కోలుకున్న తబ్లీగీలు ఎందరో ముందుకొచ్చి ప్లాస్మా దానం చేశారు. కానీ ఆ నెలల్లో మన మనసుల్లో పడ్డ గాంఠ్ ఇంకా విడిపోలేదు. టెస్టు అంటే పేరు బయటపడడం, పేరు బయటపడితే బద్నామ్.

ఆ జుల్మ్‌కు జవాబు అడగాల్సిందే. దాని సజా మాత్రం మన ఊపిరితిత్తులకు ఎందుకు? మనల్ని బద్నామ్ చేసినవాళ్లకు మన దగ్గు వినపడదు. అది మన పక్కన పడుకున్న పిల్లలకు వినపడుతుంది.

ఇంకో ఖౌఫ్ ఇంటి లోపలిది. "పిల్లకు టీబీ అని తెలిస్తే రిష్తా రాదు." "దుల్హన్‌కు టీబీ అని తెలిస్తే మైకాకు పంపేస్తారు." ఇది ఖయాలీ భయం కాదు, అలా పంపేసిన ఇళ్లు ఉన్నాయి. కానీ దాస్తే రోగం ఆగదు. మందులు మొదలుపెడితే కొద్ది వారాల్లోనే ఇంకొకరికి అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. మందుకు లొంగే మామూలు టీబీ ఆరు నెలల కోర్సుతో పూర్తిగా నయమవుతుంది. నయమైన పిల్లకు షాదీ చెయ్యవచ్చు, ఆమె అమ్మీ అవుతుంది, ఆమెకు ఏ లోటూ ఉండదు. దాచిపెట్టిన పిల్ల ససురాల్‌కు పోయి అక్కడ రక్తం కక్కితే ఆ రోజు ఇజ్జత్ ఏమవుతుంది? టీబీ వచ్చిన దుల్హన్‌ను మైకాకు పంపేసే సాస్‌ను కూడా ఒక మాట అడగాలి. ఆమెకు ఆ రోగం మైకాలోనే వచ్చిందని ఎలా తెలుసు? మీ ఇంట్లోనే ఏళ్లుగా దగ్గుతున్న మీ సాహెబ్ బల్గం ఎప్పుడైనా టెస్టు చేయించారా?

మస్జిద్, మొహల్లా, సర్కారు

ఇది ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు. జుమా బయాన్‌లో ఐదు నిమిషాలు దగ్గు గురించి మాట్లాడితే వందల ఇళ్లకు చేరుతుంది. ఇమామ్ సాబ్ నోటినుంచి "బల్గం ఇవ్వడంలో సిగ్గు లేదు" అన్న ఒక్క జుమ్లా వస్తే దాని వజన్ వేరు. ఆడవాళ్ల ఇజ్తెమాల్లో చదువుకున్న మన నర్సులు, ఏఎన్ఎంలు డబ్బీ పట్టుకొని, ఎలా దగ్గాలో చేసి చూపించవచ్చు. రావల్పిండిలో ఫలితం మార్చింది అంతపాటి పనే.

సర్కారును అడగాల్సినవీ ఉన్నాయి. దవాఖానాలో ఆడవాళ్లు బల్గం ఇవ్వడానికి గాలి ఆడే, చాటున్న ఒక మూల కావాలి. డబ్బీ ఇచ్చేటప్పుడు వాళ్ల జబాన్‌లో, తెలుగో దక్కనీయో, నాలుగు మాటలు చెప్పే ఆడమనిషి కావాలి. వచ్చిన శాంపిల్ ఉమ్మి అయితే "నెగెటివ్" అని రాసి పంపెయ్యకుండా ఫోన్ చేసి మళ్లీ పిలవాలి. కోట్ల రూపాయల మెషీన్లు కొన్నవాళ్లకు ఒక పరదా, ఒక మనిషి భారం కావు.

టెస్టూ మందులూ ముఫ్త్. హైదరాబాద్ బస్తీ దవాఖానాల్లో, ఊళ్లలో ప్రైమరీ హెల్త్ సెంటర్లలో అడగండి. టీబీ అని తేలితే మంచి తిండికోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2018లో 500తో మొదలైన ఈ సాయం 2024 నవంబరు నుంచి 1000 అయింది. ఇంట్లో మిగిలినవాళ్లను కూడా పరీక్షించి, రోగం లేకపోతే రాకుండా మందు ఇస్తారు. ఎక్కడికి పోవాలో తెలియకపోతే 1800 11 6666 నంబరుకు ఫోన్ చెయ్యండి, అదీ ముఫ్తే.

ఈ వారం మీ ఇంట్లో ఒక పని చెయ్యండి. రెండు వారాలకు మించి దగ్గుతున్నవాళ్లు ఎవరో లెక్కపెట్టండి. మగవాళ్లను అడగడం సులువు, వాళ్ల దగ్గు ఇల్లంతా వినపడుతుంది. వంటింట్లో దుపట్టా నోటికి అడ్డం పెట్టుకొని దగ్గేవాళ్లను ముందు అడగండి.